హంతకుడికి కొట్టిన చప్పట్లు

సినిమాను గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు మనవాళ్ళు సాధారణంగా రెండు తేలిక దారులు తొక్కుతారు. అది వ్యాపార చిత్రం, మత్తుమందు, దాన్ని గురించి చర్చించటమే కాలహరణం అనటం మొదటిది. దానికి కోట్లు వచ్చినవి గనక ప్రజలు మెచ్చారు, ప్రజలు మెచ్చారు గనక అందులో ప్రజలకు పనికివచ్చేదేదో వుండి తీరాలి అనటం రెండవది. మొదటి దారి పట్టినవాళ్ళు చిత్రం చూడకుండానే తీర్పు చెబుతారు. రెండవ దారి పట్టినవాళ్ళు చిత్రాన్ని వదిలి టిక్కెట్ల డబ్బు లెక్కపెడతారు. హాలులో కూర్చున్న మనిషి ఎక్కడ చప్పట్లు కొట్టాడు, ఎక్కడ నోరు మూసుకుని కూర్చున్నాడు, ఎందుకు? ఈ ప్రశ్న ఇద్దరికీ అక్కర్లేదు.

ఈ ప్రశ్న నాకు తప్పనిసరి అయింది మా కళాశాలలో. డిగ్రీ విద్యార్థులు కొందరు నెలకొకసారి ఒక గదిలో తెర కట్టి ఏదో ఒక చిత్రం చూసి వాదించుకుంటారు. ఒక నెల జేమ్స్ కామెరాన్ 1984లో తీసిన 'ది టెర్మినేటర్' వేసుకున్నారు. నన్ను గూడా రమ్మంటే వెళ్ళాను. హంతకుడు పోలీసు స్టేషనులో జొరబడి ఎదురైన వాణ్ణల్లా కాల్చిపారేసే ఘట్టం వచ్చేసరికి గది ఈలలతో మోగిపోయింది. స్టేషను గుమస్తాతో 'మళ్ళీ వస్తా'నని అతను అనబోయే మాటను, అతనికంటే ముందే పిల్లలు ఇంగ్లీషులో అనేశారు. ఈలలు వేసినవాళ్ళలో, అంతకు కొద్దిరోజుల ముందు యుద్ధానికి వ్యతిరేకంగా తీసిన ఊరేగింపులో నా పక్కన అట్ట పట్టుకుని నడిచిన కుర్రవాళ్ళున్నారు. నేను గూడా నవ్వాను. అది దాచవలసిన పని లేదు.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 2029లో మనుషులకూ యంత్రాలకూ యుద్ధం జరుగుతూ వుంటుంది. అంతకు చాలా ముందే, దేశరక్షణ భారం మొత్తం అప్పగించిన స్కైనెట్ అనే కంప్యూటర్ల యంత్రాంగం తనంత తాను ఆలోచించటం నేర్చి అణుయుద్ధం రగిలించింది. బతికి బయటపడ్డ మనుషులను కూడగట్టిన నాయకుడు జాన్ కానర్. ఓడిపోతున్న యంత్రం, అతను అసలు పుట్టకుండా చేయటానికి, మనిషి చర్మం తొడిగిన ఒక ఉక్కు హంతకుణ్ణి 1984 నాటి లాస్ ఏంజిలిస్‌కు పంపుతుంది. చంపవలసింది ఆ నాయకుడికి తల్లి కాబోయే సారాను. ఆమెను కాపాడటానికి మనుషులు పంపిన సైనికుడు కైల్ రీస్. చివరకు ఆ బిడ్డకు తండ్రి అయ్యేది గూడా ఈ రీసే.

ఈ చిత్రానికి అయిన ఖర్చు సుమారు 64 లక్షల డాలర్లు. మనకు పెద్ద మొత్తంగానే తోచవచ్చు. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర. అదే ఏడాది భవిష్యత్తును గురించే తీసిన 'డ్యూన్' అనే చిత్రానికి 4 కోట్ల డాలర్లు పోశారు. కామెరాన్ కొంతకాలం లారీ తోలి బతికినవాడు. చవక చిత్రాల నిర్మాతగా పేరుపడ్డ రోజర్ కోర్మన్ సంస్థలో బొమ్మలు, నమూనాలు తయారుచేస్తూ ఆ పని నేర్చాడు. నిర్మాత గేల్ ఆన్ హర్డ్ గూడా ఆ సంస్థలో పనిచేసి వచ్చిందే. రచన హక్కులను అతను ఆమెకు ఒక్క డాలరుకు అమ్మాడు. షరతు ఒక్కటే: దర్శకుడు తానే కావాలి.

డబ్బు లేకపోవటం ఈ చిత్రానికి శిల్పమయింది. నేను ముఖ్యమనుకుంటున్నది ఇదే గనక కొంచెం వివరిస్తాను. భవిష్యత్తును చూపాలంటే నగరాలు కట్టాలి, వాహనాలు చేయాలి. అందుకు డబ్బు లేదు. కాబట్టి భవిష్యత్తే వర్తమానానికి నడిచివస్తుంది. కాలంలో ప్రయాణం చేసే యంత్రాన్ని చూపటానికీ డబ్బు లేదు. కాబట్టి ఆ యంత్రం కథ బయటనే వుండిపోతుంది. మెరుపులు మెరుస్తవి, ఒక నగ్న శరీరం నేలమీద వుంటుంది, అంతే. జీవమున్న శరీరం తప్ప మరేదీ కాలాన్ని దాటి రాదని కథలో ఒక నియమం పెట్టారు. ఈ నియమం ఎంత చవకయినదో అంత గొప్పది. 2029 నాటి ఆయుధం వెంట తెచ్చుకోలేడు గనక హంతకుడు బజారులో తుపాకుల దుకాణానికి వెళ్ళవలసి వస్తుంది. దుకాణందారు సరుకంతా బల్లమీద పరిచి గుణగణాలు వర్ణిస్తాడు. ఆ సరుకుతోనే హంతకుడు అతన్ని కాల్చేస్తాడు. నూరు ఉపన్యాసాలలో చెప్పలేని మాట అది: రేపటి హంతకుడికి కావలసిన ఆయుధాలన్నీ ఇవాళ్టి దుకాణంలో, బిల్లు చెల్లిస్తే దొరికేవే.

కాలప్రయాణ కథ మొదటినుంచీ ఇంత పనికిమాలినదేమీ కాదు. సోషలిస్టు భావాలున్న హెచ్. జి. వెల్స్ 1895లో 'ది టైమ్ మెషీన్' రాసినప్పుడు, అతని ప్రయాణికుడు లక్షల ఏళ్ళ అవతల చూసింది రెండు వర్గాలుగా చీలి రెండు జాతులే అయిపోయిన మానవులను. భూమిపైన పనిపాటలు లేని సుకుమారులు, భూమికింద యంత్రాల మధ్య బతికేవాళ్ళు. 1962లో ఫ్రాన్సులో క్రిస్ మార్కర్ 'లా జెటే' తీశాడు. నిడివి అరగంటకు తక్కువ. దాదాపు మొత్తం కదలని ఛాయాచిత్రాలే. అణుయుద్ధం తరువాత నేలమాళిగలలో దాక్కున్న పారిస్‌ను చూపటానికి ఆ నిశ్చల చిత్రాలకన్న మించిన సాధనం కోట్లు పోసినా దొరికేది కాదు. పేదరికం తానంతట తాను కళ కాదు. చేతిలో లేనిదాన్ని కథకు నియమంగా మార్చుకోగలిగినవాడికే అది పనికివస్తుంది.

కామెరాన్ చిత్రంలో మనం చూసే లాస్ ఏంజిలిస్ హాలీవుడ్ తారల నగరం కాదు. ఇరుకు సందులు, చవక బసలు, రాత్రి వీధులు. సారా పనిచేసే హోటలులో ఒక ఘట్టం వుంది. చేతినిండా పళ్ళేలు, ఎవరి పళ్ళెం ఎవరికో గుర్తుండదు, గిరాకీలు కసురుతుంటారు. ఒక పిల్లవాడు ఐస్‌క్రీము ముద్ద తీసి ఆమె గౌను జేబులో వేస్తాడు. తోటి పనిమనిషి ఓదార్పుగా, ఇంకో వందేళ్ళకు ఇదంతా ఎవరికి పట్టిందిలే అన్న అర్థంలో ఒక మాట అంటుంది. ఆ అమ్మాయి విలువ నలభై అయిదేళ్ళ అవతల ఎవరికో పట్టిందని మనకు అప్పటికే తెలుసు. ఈ ఘట్టం దగ్గర మా గదిలో ఎవరూ ఈల వేయలేదు. సాయంత్రాలు ఒక బిరియానీ హోటలులో పనిచేసే కుర్రవాడొకడు మాత్రం గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు మిగతావాళ్ళ ఈలల వంటిది కాదు.

ముగింపు ఫ్యాక్టరీలో. మనుషులు లేని రాత్రి. హంతకుడికి తమ జాడ తెలియకుండా రీస్ అక్కడి యంత్రాలన్నిటినీ నడిపిస్తాడు. ఉక్కు చేతులు వాటంతట అవే ఆడుతుంటవి. రీస్ చనిపోతాడు. కాలు దెబ్బతిన్న సారా పాక్కుంటూ పోయి, వెంటబడి వస్తున్న ఉక్కు అస్థిపంజరాన్ని హైడ్రాలిక్ ప్రెస్సులోకి రప్పించి మీట నొక్కుతుంది. ఇది తీసిన నాటికి లాస్ ఏంజిలిస్ పక్కనే సౌత్ గేట్‌లో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ మూతబడి రెండేళ్ళయింది. ఫాంటానాలో కైజర్ ఉక్కు కర్మాగారం 1983లో మూతబడింది. 1981లో సమ్మె చేసిన విమాన రాకపోకల నియంత్రణ ఉద్యోగులను 11,000 మందికి పైగా అధ్యక్షుడు రీగన్ ఒక్క దెబ్బతో ఉద్యోగాలనుంచి తీసేశాడు. ఫ్యాక్టరీలో మనిషి లేకుండా యంత్రం తిరగటం అమెరికా ప్రేక్షకుడికి భవిష్యత్తు కథ కాదు. ఆ యంత్రాన్నే మీట నొక్కి తనవైపు తిప్పుకున్నది ఒక హోటలు పనిపిల్ల. మన విమర్శకులు కోరే 'వస్తువు' ఇంతకన్న ఏం కావాలి?

అయినా ఈలలు పడినది ఆమె మీట నొక్కినప్పుడు కాదు.

ఇందుకు ప్రేక్షకుణ్ణి నిందించే ముందు తెరమీద కెమెరా ఎక్కడ వున్నదో చూడాలి. చిత్రంలో చాలాచోట్ల మనం హంతకుడి కంటితో చూస్తాము. ఎర్రటి దృశ్యం, పక్కన అక్షరాలు, అంకెలు. బస గది బయట నుంచి పనివాడు ఒకడు లోపల ఏం కుళ్ళిందని అడిగితే, యంత్రం కంటిలో జవాబుల జాబితా కనిపిస్తుంది. అందులోంచి ఒక బూతు జవాబు ఎంచి చెబుతుంది. హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వుతో మనం హంతకుడి వైపు చేరిపోయాము. పోలీసు స్టేషను ఘట్టం దానికి ముందే వచ్చి వుంటుంది. పైగా ఆ స్టేషనులో అంతకు ముందే ఒక మానసిక వైద్యుడు రీస్ చెప్పే నిజాన్నంతా పిచ్చివాడి మాటగా వెక్కిరించి వున్నాడు. తమ మాట వినని కచేరీలో నిలబడి నిలబడి విసిగిన మనిషి ఎవడయినా, ఆ కచేరీ గోడ బద్దలుకొట్టుకుని ఒక కారు లోపలికి వస్తే సంతోషించడా? ఆ సంతోషంలో న్యాయమైన కోపం వుంది. కాని ఆ కోపానికి చిత్రం ఇచ్చిన చేయి హంతకుడిది. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ దేహదారుఢ్య పోటీల వీరుడు. అతనికి ఇచ్చిన మాటలు అతి తక్కువ. అలసట లేదు, సందేహం లేదు, నొప్పి లేదు. రోజంతా పనిచేసి ఒళ్ళు హూనమై హాలుకు వచ్చినవాడికి అటువంటి శరీరం ఒక కోరిక. రీస్ ఒళ్ళంతా కాలిన మచ్చలు, వణుకు, ఏడుపు. అతనిలో మనం మనల్నే చూస్తాము. తనను తాను చూసుకుని ఈల వేసేవాడెవడు?

ఈ చిత్రం పుట్టిన రోజులు గుర్తుచేసుకోవాలి. 1979 నవంబరులో అమెరికా వైమానిక రక్షణ కేంద్రంలో శిక్షణ కోసం పెట్టిన టేపు పొరపాటున నడిచి, సోవియట్ క్షిపణులు వస్తున్నవని తెరలమీద చూపింది. 1983 సెప్టెంబరు 26న ఇటువంటి పొరపాటే సోవియట్ యంత్రాలు చేస్తే, స్తానిస్లావ్ పెత్రోవ్ అనే అధికారి యంత్రాన్ని నమ్మక, అది తప్పుడు హెచ్చరిక అని పైవాళ్ళకు చెప్పాడు. ఆ ఏడాది మార్చి 23ననే రీగన్ అంతరిక్షంలో క్షిపణి రక్షణ పథకం ప్రకటించాడు. స్కైనెట్‌ను గురించి రీస్ చెప్పే మాటల్లో ఒక వివరం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. ఆ యంత్రం అవతలి పక్షాన్నే గాక మనుషులందరినీ శత్రువులుగా లెక్కగట్టిందట. శత్రువును చంపటానికి చేసిన ఆయుధానికి చివరకు శత్రువు ఎవరో తేడా తెలియదు. ప్రచ్ఛన్నయుద్ధం ముదిరిన రోజులలో, సోవియట్లను దయ్యాలుగా చూపే చిత్రాల మధ్య, ఒక అమెరికన్ వ్యాపార చిత్రం ఈ మాట అనటం చిన్న సంగతి కాదు.

అయితే ఆ ఆయుధాన్ని చేసినదెవరు? చేయకుండా ఆపవచ్చునా? ఇక్కడికి వచ్చేసరికి చిత్రం తడబడుతుంది. భవిష్యత్తు ముందే రాసిపెట్టినది కాదని రీస్ నోట ఒక సందేశం చెప్పిస్తారు. కథ నడక మాత్రం సరిగ్గా దీనికి ఎదురు చెబుతుంది. జాన్ పుట్టకుండా చేయబోయి యంత్రమే అతని పుట్టుకకు కారణమయింది. ఆపటానికి చేసిన ప్రతి పనీ జరిగేదాన్ని జరిపించటానికే పనికివచ్చింది. చివరి దృశ్యంలో గర్భవతి అయిన సారా మెక్సికోలో పెట్రోలు బంకు దగ్గర ఆగుతుంది. ఒక కుర్రవాడు తీసిన ఫోటో కొనుక్కుంటుంది. భవిష్యత్తులో రీస్ దాచుకునేది ఆ ఫోటోనే. తుఫాను రాబోతున్నదని వింటుంది, తెలుసునంటుంది, జీపు కొండలవైపు పోనిస్తుంది. యుద్ధం వస్తుంది; బిడ్డకు తుపాకి నేర్పాలి; అంతే. మన పల్లెల్లో తలరాత అనేదానికీ దీనికీ తేడా ఏమిటి? రాసిన చేయి బ్రహ్మది గాక కంప్యూటరుది, అంతే గదా.

చిత్రం మొదట ఇలా లేదు. ఒక ఘట్టం చిత్రీకరించి తరువాత కత్తిరించారు. అది ఆ చిత్రం డిస్కులలో విడిగా దొరుకుతుంది. సారా టెలిఫోన్ డైరెక్టరీ తిరగేసి, స్కైనెట్‌ను ముందు ముందు తయారుచేయబోయే సైబర్‌డైన్ కంపెనీ చిరునామా పట్టుకుంటుంది. మనమే వెళ్ళి దాన్ని పేల్చేద్దాం, యుద్ధమే రాకుండా చేద్దాం అంటుంది. తనకు అప్పగించిన పని అది కాదని రీస్ ఎదురుతిరుగుతాడు, ఇద్దరూ కలియబడతారు. చిత్రం మొదట్లో హంతకుడు గూడా సారా పేరు పట్టుకున్నది టెలిఫోన్ డైరెక్టరీలోనే. ఆ వరుసలో వున్న పాపానికి అదే పేరుగల మరి ఇద్దరు స్త్రీలను చంపాడు. పేదవాళ్ళ పేరూ చిరునామా హంతకుడికి ఎంత సులువుగా దొరుకుతవో, హంతకుణ్ణి తయారుచేసే కంపెనీ చిరునామా మనకూ అంత సులువుగా దొరుకుతుందని ఆ రెండు ఘట్టాలూ కలిసి చెబుతవి. రెండోది తీసేశారు. మొదటిది మిగిలింది.

ఆ రోజు చర్చలో ఈ సంగతి ఎత్తాను. ఒక విద్యార్థిని లేచి, "ఆ సీను వుంటే పరుగు ఆగిపోయేది సార్. వెంటబడి వస్తున్నాడనే భయం పోయేది. అందుకే తీసేసి వుంటారు" అన్నది. ఆమె చెప్పింది నిజమే. నేను దర్శకుడిమీద కుట్ర ఆరోపించటం లేదు. పరుగు కథకు ఆలోచన అడ్డు అనేది ఆ తరగతి చిత్రాల ధర్మం. కాని ఆ ధర్మం ఎవరికి లాభించిందో గూడా చెప్పుకోవాలి. 1982 జూన్ 12న న్యూయార్కులో సుమారు పది లక్షలమంది అణ్వాయుధాలు ఆపమని సెంట్రల్ పార్కుకు నడిచారు. వాళ్ళు చేస్తున్నది అక్షరాలా సారా చేద్దామన్న పనే: యుద్ధం రాకముందే ఆపటం. 1983 నవంబరు 20న అణుయుద్ధం తరువాతి అమెరికాను చూపిన 'ది డే ఆఫ్టర్' టెలివిజనులో వస్తే పది కోట్లమంది చూశారు. 'ది టెర్మినేటర్' విడుదలయింది 1984 అక్టోబరు 26న. పదకొండు రోజులకు రీగన్ 49 రాష్ట్రాలు గెలిచి మళ్ళీ అధ్యక్షుడయ్యాడు. భయం దేశమంతా నిండి వుంది. ఆ భయంతో ఏం చేయాలనేదే తగాదా. కొండల్లోకి పొమ్మన్నది చిత్రం.

విడుదల చేసిన ఓరియన్ సంస్థకు ఈ చిత్రంమీద పెద్ద ఆశలు లేవు. ప్రేక్షకులే దాన్ని నిలబెట్టారు. అమెరికాలో 3 కోట్ల 80 లక్షల డాలర్లు, ప్రపంచం మొత్తం మీద 7 కోట్ల 80 లక్షలు వచ్చినవి. 'టైమ్' పత్రిక ఆ ఏడాది పది ఉత్తమ చిత్రాలలో దీన్ని చేర్చింది. 2008లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం భద్రపరచదగిన చిత్రాల జాబితాలోకి ఎక్కింది. ఇవన్నీ దానికి తగిన గౌరవాలే. వ్యాపారం మాత్రం ప్రేక్షకుడి చప్పట్లను మరింత జాగ్రత్తగా విన్నది. ఏ ఘట్టానికి పడినవో గుర్తుపెట్టుకున్నది.

1991లో రెండవ భాగం వచ్చింది. ఖర్చు సుమారు పది కోట్ల డాలర్లు, అంటే మొదటిదానికి పదిహేను రెట్లు. అదే ఆర్నాల్డ్, అదే తోలు కోటు. ఈసారి హంతకుడు బిడ్డను కాపాడే సంరక్షకుడు. నిజాయితీగా చెప్పాలంటే, కత్తిరించిన ఘట్టంలోని ఆలోచన ఇందులో తిరిగి వచ్చింది. సైబర్‌డైన్‌ను పేల్చివేస్తారు. విధి అనేది లేదు, మనం చేసుకునేదే అనే మాట గట్టిగానే వినిపిస్తుంది. కాని పని చేసిపెట్టే చేయి మళ్ళీ ఉక్కుదే. మీట నొక్కేది గూడా సారాయే. కాని ఈసారి యంత్రం చంపబడటం లేదు, లోకం కోసం ప్రాణత్యాగం చేస్తున్నది, మనం ఏడుస్తున్నాము. ఏడేళ్ళలో ఆయుధం హంతకుడి వేషం విప్పి తండ్రి వేషం వేసింది. బడ్జెట్ పెరిగేకొద్దీ ఆయుధంమీద ప్రేమ పెరగటం యాదృచ్ఛికమని నేననుకోను. అన్ని కోట్లు పెట్టినవాడు ప్రేక్షకుడు దేన్ని ప్రేమించాడో దాన్నే అమ్ముతాడు గాని, దేనికి నోరు మూసుకుని కూర్చున్నాడో దాన్ని ఎందుకు అమ్ముతాడు?

మా విద్యార్థులు మొదటి భాగం చివర ఆ అస్థిపంజరం కుంటుతూ నడవటం చూసి నవ్వారు. బొమ్మను ఒక్కొక్క కదలికకు ఒక్కొక్క ఫోటో తీసి నడిపించిన నడక అది. ఇప్పటి కంటికి బొమ్మేనని తెలిసిపోతుంది. నాకు మాత్రం ఆ తెలిసిపోవటమే మేలనిపించింది. ఆయుధం ఆయుధంలాగా, అసహ్యంగా, మనిషి చేతితో చేసిన వస్తువులాగా కనబడేది చిత్రం మొత్తంలో అక్కడే.

చప్పట్లు హాలు దాటి ఎక్కడికి పోతవో చెప్పటానికి ఒక ఉదాహరణ చాలు. 2003 అక్టోబరులో ష్వార్జ్‌నెగర్ రిపబ్లికన్ అభ్యర్థిగా కాలిఫోర్నియా గవర్నరు అయ్యాడు. ప్రచారంలో సినిమా డైలాగులే నినాదాలు. 2005లో అతను ప్రత్యేక ఎన్నిక పెట్టి నాలుగు ప్రతిపాదనలు ఓటర్ల ముందుకు తెచ్చాడు. ఉపాధ్యాయులు ఉద్యోగంలో స్థిరపడటానికి రెండేళ్ళు చాలుతున్న చోట అయిదేళ్ళు ఆగాలనేది వాటిలో ఒకటి. ప్రభుత్వోద్యోగుల సంఘాలు చందా డబ్బును రాజకీయ పనులకు వాడాలంటే ప్రతి సభ్యుడి దగ్గరా ఏటా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలనేది ఇంకొకటి. ఉపాధ్యాయులు, నర్సులు, అగ్నిమాపక దళంవాళ్ళు నెలల తరబడి అతను ఎక్కడికి పోతే అక్కడికి వెళ్ళి నిరసన తెలిపారు. నవంబరు 8న నాలుగు ప్రతిపాదనలూ ఓడిపోయినవి. ఓడించినవాళ్ళలో, 1984లో పోలీసు స్టేషను గోడ కూలినప్పుడు హాలులో ఈలలు వేసినవాళ్ళు గూడా వుండే వుంటారు.